ఐసీఎస్ఎస్ఆర్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్: రెండేళ్ళు మిర్చి మార్కెట్‌లో తిరిగాక రాస్తున్న రివ్యూ

కామర్స్, మేనేజ్‌మెంట్, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ అయిపోయి కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటున్న మా జూనియర్లు వారానికి ఒక్కరైనా ఫోన్ చేసి అక్కా ఆ ఫెలోషిప్ ఎట్లుంది, ఉన్న ఉద్యోగం వదిలేసి చేరితే గిట్టుబాటు అవుద్దా అని అడుగుతున్నారు. చెప్పడానికి నాకేం ఇబ్బంది లేదు గానీ చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నా, అందుకే అంతా ఒక్కచోట రాసి పెడుతున్నా. ముందే చెప్పేస్తా, 5కి 4 ఇస్తా. ఆ తగ్గిన 1 మొత్తం డబ్బు దగ్గరే పోయింది. మిగతా నాలుగూ అది ఇచ్చే టైంకి.

నాది ఖమ్మం జిల్లా. ఎంకాం, ఎంబీఏ, తర్వాత పీహెచ్‌డీ కామర్స్‌లో. ఒక ప్రైవేట్ కాలేజీలో ఎనిమిదేళ్ళు ఎంబీఏ పిల్లలకి ఫైనాన్స్, మేనేజీరియల్ ఎకనామిక్స్ చెప్పా. పొద్దున తొమ్మిదింటికి పోతే ఐదింటి దాకా క్లాసులు, మిడ్ పేపర్లు, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ళు వస్తున్నారంటే రాత్రి దాకా ఫైళ్ళు, ఎండాకాలం వస్తే అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరగడం. ఇందులో రీసెర్చ్ ఎక్కడ చేస్తాం చెప్పండి. సెమినార్‌కి సర్టిఫికెట్ కావాలి కాబట్టి రెండు రాత్రుల్లో ఒక పేపర్ రాయడం, అంతే. పీహెచ్‌డీలో నేర్చుకున్నదంతా తుప్పు పట్టిపోతోందని ఒక బాధ ఉండేది నాకు, ఆ బాధే నన్ను దీనివైపు తోసింది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఐసీఎస్ఎస్ఆర్ అంటే భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, 1969లో పెట్టారు, ఢిల్లీలో జేఎన్‌యూ పక్కన ఉంటది. సామాజిక శాస్త్రం అనగానే మన కామర్స్, మేనేజ్‌మెంట్ వాళ్ళు మాకు కాదులే అనుకుంటారు, నేనూ చాన్నాళ్ళు అట్లాగే అనుకున్నా. తప్పు. వాళ్ళ సబ్జెక్టుల లిస్టులో ఎకనామిక్స్‌తో పాటు కామర్స్, మేనేజ్‌మెంట్ కూడా ఉన్నాయి. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళకి డాక్టోరల్, చేసేసినవాళ్ళకి పోస్ట్ డాక్టోరల్, అనుభవం ఉన్నవాళ్ళకి సీనియర్, పెద్ద పేరున్న ప్రొఫెసర్లకి నేషనల్ అని రకరకాల ఫెలోషిప్పులు ఉంటాయి. నేను తీసుకున్నది పోస్ట్ డాక్టోరల్. 2021-22 బ్యాచ్. అప్పుడు వయసు 45 లోపు ఉండాలన్నారు, కాలం రెండేళ్ళు, నెలకి 31,000, ఏడాదికి 25,000 కంటింజెన్సీ, అంటే రీసెర్చ్ ఖర్చులకి ఇచ్చేది. ఒక యూనివర్సిటీకో రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కో అఫిలియేట్ అయి ఫుల్‌టైం చెయ్యాలి. ఇప్పుడు అప్లై చేసేవాళ్ళు కొత్త నోటిఫికేషన్‌లో అంకెలు చూసుకోండి, నేను చెప్పేది నా బ్యాచ్ సంగతి.

అప్లికేషన్ దగ్గర అందరూ పడే తప్పు ఒకటుంది, నేనూ పడ్డా. మొదటిసారి నా పీహెచ్‌డీ టాపిక్‌నే కొంచెం మార్చి 'ఎ స్టడీ ఆన్' అని మొదలుపెట్టి 'విత్ స్పెషల్ రిఫరెన్స్ టు తెలంగాణ' అని ముగించి పంపించా. రాలేదు. రాకపోవడం కరెక్టే, ఇప్పుడు తీసి చదువుకుంటే అందులో ఒక్క ప్రశ్న కూడా లేదు, ఉత్త టాపిక్ ఉంది అంతే. రెండోసారి కూర్చుని నాకు నిజంగా ఏం తెలుసుకోవాలని ఉందో అది ఒక్క వాక్యంలో రాసుకున్నా. మా నాన్న మిర్చి వేసేవాడు. ఇంటికొచ్చిన ప్రతిసారీ 'జెండా పాట ఇంత పోయింది, మనకు పడింది ఇంత' అనేవాడు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎందుకొస్తది, అది కాయ క్వాలిటీ వల్లనా, లేక అప్పు ఇచ్చిన కమీషన్ ఏజెంట్ దుకాణానికే సరుకు తోలాల్సి రావడం వల్లనా. ఇదే ప్రశ్న. దీనిమీద ప్రపోజల్ రాసి పంపిస్తే పిలుపొచ్చింది, ప్రెజెంటేషన్ ఆన్‌లైన్‌లో అయ్యింది. కమిటీలో ఒక పెద్దాయన, ఇది కొలవడానికి నువ్వు ఎన్ని సీజన్లు చూడాలి అని అడిగారు. రెండు అన్నా. అందుకే రెండేళ్ళు అడుగుతున్నానని చెప్పా. నాకు తెలిసి సెలెక్ట్ అయింది ఆ ఒక్క జవాబుతోనే.

జెండా పాట సంగతి ఖమ్మం, వరంగల్ బయటివాళ్ళకి తెలియకపోవచ్చు. పొద్దున్నే మార్కెట్ మొదలయ్యేటప్పుడు వ్యాపారులు, కమీషన్ ఏజెంట్లు, మార్కెట్ సిబ్బంది అంతా ఒక బస్తాల రాశి దగ్గర గుంపుగా చేరతారు, జెండా పట్టుకుని పాట పెడతారు, ఆ రాశికి పలికిన ధరే ఆ రోజు గరిష్ట ధర. టీవీల్లో పేపర్లలో వచ్చేది అదే. దాని తర్వాత మిగతా బస్తాల దగ్గరికి ఖరీదుదారులు పోయి, బస్తా విప్పించి, గుప్పెడు కాయ తీసి, విరిచి, వాసన చూసి, తేమ ఉంది, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఉంది, రంగు తగ్గింది అని ఒక రేటు చెప్తారు. ఎక్కువమంది రైతులకి పడేది ఈ రెండో రేటు. జెండా పాట నాలుగైదు నిమిషాల్లో అయిపోద్ది, ఈ రెండోది మధ్యాహ్నం దాకా నడుస్తది, దీన్ని టీవీ కెమెరా చూపించదు. నేను చూసింది ఇదే. తూకం వేసే దడువాయిలు కాంటా పెట్టేదాకా, హమాలీలు బస్తా ఎత్తేదాకా అక్కడే నిలబడి రాసుకునేదాన్ని. మొదటి వారం ఆ ఘాటుకి దగ్గు ఆగలేదు, కళ్ళు మండిపోయేవి, అక్కడ పనిచేసే ఒకామె తడి తువ్వాలు ముక్కుకి కట్టుకోమని చూపించింది. తేజ రకం కాయ ఎంత ఘాటో ఇంట్లో కూరలో వేసుకుంటే తెలియదు, వేల బస్తాల మధ్య నిలబడితే తెలుస్తది.

ఇంకో సంగతి చెప్పాలి. నేను మొదటి సీజన్ ఫీల్డ్‌కి పోయింది 2022లో, ఆ ఏడు నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోటలు పూత మీదే మాడిపోయాయి. పంట తగ్గింది కాబట్టి రేటు బాగుంది. నేను ఆ ఒక్క సీజన్ డేటా తీసుకుని పేపర్ రాసి ఉంటే ఏమని రాసేదాన్ని, రైతుకి మంచి ధర వచ్చింది, జెండా పాటకీ అసలు ధరకీ తేడా తక్కువ అని. అది అబద్ధం కాదు గానీ నిజమూ కాదు. సరుకే లేనప్పుడు వ్యాపారి ఎవరి దగ్గరైనా కొంటాడు. రెండో ఏడు పంట కాస్త నిలబడి బస్తాలు వచ్చాక చూస్తే లెక్క మారింది, తేమ అని తాలు అని కోత పెట్టడం మళ్ళీ మొదలైంది. ఒక ప్రాజెక్టుకి ఆరు నెలలు ఇచ్చి రిపోర్ట్ పెట్టమనే పద్ధతిలో ఇది ఎప్పటికీ బయటికి రాదు. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్‌లో రేటు పడిపోయి రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకున్న రోజు మీకు గుర్తుండే ఉంటది, అప్పుడు కూడా అందరూ ఆ ఒక్క రోజు గురించే రాశారు, దాని ముందు రెండు సీజన్లలో ఏం జరిగిందో కూర్చుని చూసినవాళ్ళు తక్కువ.

టైం అంటే ఏంటో ఇంకొంచెం దగ్గరగా చెప్తా. తిరుమలాయపాలెం వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన, కౌలు రైతు. మొదటిసారి నా షెడ్యూల్ (ప్రశ్నల కాగితం) పట్టుకుని పోయి అప్పు ఎక్కడ తెచ్చారు అంటే 'బ్యాంకుల' అన్నాడు. కౌలు రైతుకి పాస్‌బుక్కే ఉండదు, బ్యాంకు అప్పు ఎట్లా ఇస్తది, నాకు తెలుసు, కానీ రాసుకుని వచ్చేశా. రెండోసారి పోతే చుట్టాల దగ్గర అన్నాడు. మూడోసారి పోతే ఆయన లేడు, వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది, కూర్చుని తొడిమలు తీస్తుంటే నేనూ తీశా, అప్పు మాట ఎత్తలేదు. నాలుగోసారి ఆయనే లోపలికి పోయి ఒక పాలిథిన్ కవర్ తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఐదేళ్ళ తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మినప్పుడు దుకాణం రాసిచ్చే లెక్క చీటీలు. రబ్బర్ బ్యాండ్ వేసి, ఏడాదికో కట్ట. 'చూసుకో బిడ్డా, నా నోటితో చెప్తే తప్పు చెప్తానేమో, కాయితం తప్పు చెప్పదుగా' అన్నాడు.

ఆ తక్‌పట్టీలు ఒక్కొక్కటి చూస్తే, బస్తాల సంఖ్య, తూకం, రేటు, దాని కింద కమీషన్, హమాలీ, చివర్లో 'పాత బాకీ' అని ఒక గీత. ఐదేళ్ళలో ఆయన సరుకు ఒక్కసారి కూడా ఇంకో దుకాణానికి పోలేదు. జూన్‌లో విత్తనాలకి, మందులకి డబ్బు ఇచ్చేది అదే దుకాణం, నూటికి రెండు రూపాయల వడ్డీ, పంట వచ్చాక అక్కడికే తోలాలి. ఎకనామిక్స్ క్లాసులో దీన్ని ఇంటర్‌లింక్డ్ మార్కెట్స్ అని బోర్డు మీద రాసి, అప్పూ అమ్మకం ఒకే మనిషితో ముడిపడితే బేరం చేసే బలం పోద్దని చెప్పి, డయాగ్రం గీసి వెళ్ళిపోతాం. నేనూ ఎనిమిదేళ్ళు అట్లాగే చెప్పా. ఆ కవర్ చూశాక నాకు అర్థమైంది ఏంటంటే ఆ కమీషన్ ఏజెంట్ మీద ఆయనకి కోపం లేదు. 'కూతురి పెళ్ళికి రాత్రికి రాత్రి లక్ష ఇచ్చిండు, బ్యాంకోడు ఇస్తాడా' అన్నాడు. ఈ ముక్క నా ప్రశ్నల్లో ఎక్కడా లేదు. షెడ్యూల్ మార్చి, అప్పుతో పాటు ఆపద టైంలో ఎవరు ఆదుకున్నారు అని కొత్త భాగం కలిపా, అంతకుముందు చేసినవాళ్ళందరి దగ్గరికీ మళ్ళీ పోయా. ఫుల్‌టైం టీచింగ్ చేస్తూ ఇది ఎవరివల్లా కాదు, నాలుగోసారి పోయే ఆదివారం మనకి ఉండదు.

ఇక డబ్బు. ఇక్కడ నాకు కోపం ఉంది. నెలకి 31,000 అంటే పల్లెటూళ్ళో సొంతిల్లు ఉన్నవాళ్ళకి సరే, హైదరాబాద్‌లో అద్దె కట్టుకుని పిల్లల స్కూల్ ఫీజు కట్టేవాళ్ళకి కష్టం. 2023 జనవరి నుంచి యూజీసీ పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్‌ని నెలకి 31,000 నుంచి 37,000 చేసింది, అంటే పీహెచ్‌డీ అప్పుడే మొదలుపెట్టిన అమ్మాయికి నాకంటే ఆరు వేలు ఎక్కువ. ఆ అమ్మాయికి రావద్దని కాదు, రావాలి, కానీ పీహెచ్‌డీ అయిపోయి ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పినవాళ్ళకి అంతకంటే తక్కువ ఏంటి. 2022 టీచర్స్ డే రోజున యూజీసీ రాధాకృష్ణన్ గారి పేరుతో పెట్టిన పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌లో నెలకి 50,000 అన్నారు, అందులో హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ కూడా ఉన్నాయి, కాబట్టి అర్హత ఉన్నవాళ్ళు అది కూడా తప్పకుండా చూసుకోండి. కంటింజెన్సీ 25,000 అయితే ఫీల్డ్ వర్క్ చేసేవాళ్ళకి అసలు చాలదు. పుస్తకాలు, స్టేషనరీ, ప్రింటింగ్, ప్రయాణం, డేటా ఎంట్రీకి ఇచ్చేది, అన్నీ అందులోనే సర్దాలి. స్కూటీకి పెట్రోల్, షెడ్యూళ్ళు జిరాక్స్, సీజన్‌లో నాకు సాయానికి పెట్టుకున్న ఒక పీజీ అబ్బాయికి రోజుకింత అని ఇస్తే నాలుగో నెలకే అయిపోయింది, మిగతాది జేబులోంచే. సెకండరీ డేటా మీద పనిచేసేవాళ్ళకి ఈ బాధ ఉండదు, ప్రభుత్వం చేసే జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) యూనిట్ లెవెల్ డేటా తీసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటే సరిపోద్ది. ఊళ్ళు తిరిగేవాళ్ళకి వేరే లెక్క ఉండాలి, ఇది నేను ఫీడ్‌బ్యాక్‌లో కూడా రాశా.

నేను బాగా దెబ్బతిన్నది మాత్రం అఫిలియేట్ అయిన చోట. ఏ యూనివర్సిటీ అనేది చెప్పను, నాకు ఇంకా అక్కడ పని ఉంది, పైగా మంచివాళ్ళు కూడా ఉన్నారు. సంగతేంటంటే ఫెలోషిప్ డబ్బు నేరుగా మన ఖాతాలోకి రాదు, అఫిలియేట్ చేసుకున్న సంస్థకి వాయిదాల్లో వస్తది, అక్కడినుంచి మనకి రావాలి. మొదటి వాయిదా వచ్చి యూనివర్సిటీ ఖాతాలో పడింది. నాకు తెలియదు. నాలుగు నెలలు ఇంకా రాలేదేమో అనుకుంటూ అమ్మ దగ్గర తీసుకుని గడిపా. తర్వాత సెక్షన్‌కి పోతే ఫైల్ మీద నోట్ పెట్టాలి, సూపరింటెండెంట్ సంతకం, ఏఆర్ (అసిస్టెంట్ రిజిస్ట్రార్) సంతకం, ఆయన సెలవులో ఉన్నారు, ఈయన ఎలక్షన్ డ్యూటీలో ఉన్నారు. ఖమ్మం నుంచి పొద్దున బస్సెక్కి పోయి మధ్యాహ్నం 'రేపు రండి మేడం' అనిపించుకుని తిరిగొచ్చిన రోజులు ఆరు. ఏడోసారి అక్కడ ఒక అటెండర్, యాభై దాటిన మనిషి, 'మీ ఫైల్ ఆ బీరువాలో కింద అరలో ఉందమ్మా, నేను పైకి తెచ్చి పెడతా' అని తీసిచ్చాడు, ఆ వారంలోనే అయిపోయింది. ఆయనకి ఎంత రుణపడ్డానో నాకే తెలుసు.

అందుకే సూపర్‌వైజర్ ఎవరు అని చూసేముందు ఆ సంస్థలో ప్రాజెక్ట్ ఫైళ్ళు చూసే సెక్షన్ ఎట్లా ఉందో కనుక్కోండి. ఇప్పటికే అక్కడ ఫెలోషిప్ చేస్తున్నవాళ్ళని, మీకు వాయిదా వచ్చాక చేతికి ఎన్నాళ్ళకి అందింది అని ఒక్క మాట అడిగితే సరిపోద్ది. శాంక్షన్ లెటర్ కాపీ, వాయిదా విడుదల చేసినట్టు వచ్చే లెటర్ కాపీ మీ దగ్గర పెట్టుకోండి, ఏ తారీఖున ఎంత పడిందో మీరే చెప్పగలిగితే సెక్షన్‌లో మాట వేరేగా ఉంటది. వచ్చిన డబ్బు దేనికి వాడామో చూపే యూటిలైజేషన్ సర్టిఫికెట్ జీఎఫ్ఆర్ 12-ఎ అనే ప్రభుత్వ ఫార్మాట్‌లో ఇవ్వాలి, అది యూనివర్సిటీ ఫైనాన్స్ వాళ్ళు సంతకం పెట్టి ఇవ్వాలి, అది పోకపోతే తర్వాతి వాయిదా కదలదు, కాబట్టి మార్చి నెలాఖరులో కాకుండా ముందే మొదలుపెట్టండి. బస్ టికెట్ దగ్గరనుంచి జిరాక్స్ బిల్లు దాకా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో అతికించి పక్కన తారీఖు, ఊరి పేరు రాసుకున్నా, ఆడిట్ రోజున ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

మంచి సంగతుల్లో ఎవరూ చెప్పనిది లైబ్రరీలు. హైదరాబాద్ బేగంపేటలో సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) ఉంది కదా, 1980లో పెట్టిన సంస్థ, దానికీ ఐసీఎస్ఎస్ఆర్ సాయం ఉంది. తెలంగాణ, ఆంధ్ర వ్యవసాయం మీద పాత రిపోర్టులు అక్కడ ఉన్నంత బాగా నాకు ఇంకెక్కడా దొరకలేదు. మార్కెట్ యార్డుల మీద ఎప్పుడో చేసిన పని చదువుతుంటే, ఇవ్వాళ నేను కొత్తగా కనిపెట్టాననుకున్న సగం సంగతులు అప్పుడే రాసి ఉన్నాయి, దాంతో నా పని ఎక్కడ మొదలవ్వాలో తెలిసింది. ఉస్మానియా క్యాంపస్‌లో ఐసీఎస్ఎస్ఆర్ సదరన్ రీజినల్ సెంటర్ ఉంది, రీసెర్చ్ మెథడాలజీ కోర్సులు, సెమినార్ల సమాచారం అక్కడ తెలుస్తది. నాకు రిగ్రెషన్ (ఒక అంకె మీద మిగతావాటి ప్రభావం కొలిచే లెక్క) అంటే పీహెచ్‌డీలో ఎస్‌పీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కడమే, ఈ రెండేళ్ళలో కూర్చుని స్టాటా అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నా, అదే రైతు అదే దుకాణం రెండు సీజన్ల డేటా ఎట్లా కలిపి చూడాలో నేర్చుకున్నా. ఈ వయసులో మళ్ళీ స్టూడెంట్ లాగా నేర్చుకోవడం నాకు ఎంత సంతోషం ఇచ్చిందో చెప్పలేను.

రిపోర్ట్ దగ్గర తొందరపడొద్దు. ఆరు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్ట్ ఇవ్వాలి, చివర్లో ఫైనల్ రిపోర్ట్ ఎక్స్‌పర్ట్‌కి పోద్ది, ఆయన మార్పులు చెప్తే చేసి మళ్ళీ ఇవ్వాలి. నాకు మార్పులు వచ్చాయి, న్యాయమైనవే. సిమిలారిటీ చెక్ చేయించాలి, 10 శాతం లోపు పెట్టుకోండి, మన పాత పేపర్లోంచి మనమే పేరాలు ఎత్తి పెట్టుకున్నా అది చూపిస్తది. రైతుల పేర్లు, ఊరి పేర్లు, దుకాణం నంబర్లు అన్నీ తీసేసి కోడ్ నంబర్లు పెట్టడానికే నాకు నెల పట్టింది, ఆ పనికి టైం ముందే పక్కన పెట్టుకోండి. తక్‌పట్టీల ఫొటోలు ఎవ్వరికీ ఇవ్వలేదు, ఆ పెద్దాయనకి మాటిచ్చా.

తర్వాత ఉద్యోగం సంగతి అడుగుతారు. నిజం చెప్తా, నా పాత కాలేజీ వాళ్ళు ఈ రెండేళ్ళని అనుభవంగా లెక్కేసుకోలేదు, పాత జీతానికే చేరమన్నారు, చేరలేదు. ఇంకో కాలేజీలో వచ్చింది, అక్కడ ఇంటర్వ్యూలో నేను చేసిన పని గురించే అరగంట అడిగారు. ఇప్పుడు ఇంటర్‌లింక్డ్ మార్కెట్స్ చెప్పేటప్పుడు డయాగ్రం కంటే ముందు ఒక తక్‌పట్టీ పేర్లు చెరిపేసి బోర్డు మీద గీస్తా, ఇందులో రైతుకి చేతికి ఎంత వచ్చింది లెక్కగట్టండి అంటా. వెనక బెంచీ పిల్లలు కూడా పెన్ను తీస్తారు, వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో అట్లాంటి చీటీలే ఉన్నాయి.

కాబట్టి ఎవరికి పనికొస్తది అంటే, ఒకటికి నాలుగుసార్లు పోతే గానీ జవాబు దొరకని ప్రశ్న మీ దగ్గర ఉంటే, అది మీ జిల్లాలోనే ఉంటే, ఇంట్లో ఇంకొకరి జీతం ఉంటే కళ్ళు మూసుకుని అప్లై చెయ్యండి. ప్రమోషన్ కోసం రెండు పేపర్లు కావాలి అంతే అనుకునేవాళ్ళు దీనికోసం ఉద్యోగం వదలొద్దు. ఇంటికి ఒక్క జీతమే ఆధారం అయితే కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి, వాయిదా ఆలస్యం అయినప్పుడు రీసెర్చ్ మీద మనసు నిలవదు, నేను అనుభవించా.

నోటిఫికేషన్ పడ్డాక టైం తక్కువ ఉంటది, అప్పుడు అఫిలియేషన్ లెటర్ కోసం పరుగులు పెట్టొద్దు, ఇప్పుడే సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఒప్పించుకోండి. నా ప్రపోజల్ కావాల్సినవాళ్ళు అడగండి, రాకుండా పోయిన మొదటిదీ వచ్చిన రెండోదీ రెండూ పంపిస్తా, పక్కపక్కన పెట్టుకుని చదవండి. మిర్చి మీదే చెయ్యాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఫిబ్రవరిలో రండి, పొద్దున ఏడింటికల్లా మార్కెట్ గేటు దగ్గర ఉండాలి, ముక్కుకి కట్టుకోవడానికి తువ్వాలు మర్చిపోవద్దు.